ఏడో వరుసలో నిండుకున్నవి

సవరణ 212

నోటితో అంటే నమోదైపోతుంది కనుక ఇది చేత్తో రాస్తున్నాను.

ఇవాళ పొద్దున ఆహార భద్రతా మండలి వాళ్ళు వచ్చి మా వంటశాల గోడకి ఒక చెవి బిగించి పోయారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు మూరెడుంది, నాకు నోరు తిరగలేదు. చూడ్డానికి చిల్లులు పెట్టిన గిన్నెమూతలా ఉంది. వంటింట్లో ఎవరేమన్నా వింటుంది. విన్నాక టింగుమని మోగి, జలుబు చేసిన గొంతుతో "నమోదైంది" అంటుంది. మేం దాన్ని చెవి అనే అంటున్నాం.

దాంతోపాటు వచ్చిన సవరణ ఇది: "ఆహార వ్యాపారులపై భారము తగ్గించు నిమిత్తం, నిల్వల వివరములు ఇకపై రాసి పంపనవసరం లేదు. వంటశాలలో సహజముగా పలికిన మాటయే చట్టబద్ధమైన ప్రకటనగా స్వీకరింపబడును."

భారం తగ్గించారట. వీళ్ళు తగ్గించినప్పుడల్లా నాకు నడుం నొప్పి వస్తోంది. పోయిన నెల భారం తగ్గించినప్పుడు పప్పు గుత్తికి కూడా లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది.

ఊళ్ళన్నీ సముద్రంలో కలిశాక మమ్మల్ని తెచ్చి పెట్టిన చోటు ఇది, తేలువాడ. పేరు పెట్టినవాడు తేలే వాడ అనుకున్నాడు. మేం కుట్టే తేలు అనుకున్నాం, మాదే నిజమైంది. ఇళ్ళ కింద తెప్పలు ప్లాస్టిక్‌వి, అంటుకుంటే వరుసంతా బూడిదే. అందుకని ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించకూడదు. వరుసకో వంటశాల, వరుసంతా అక్కడే తినాలి. ఏడో వరుస వంటశాల నాది. అంటే లైసెన్సు నాది, వంట మాణిక్యాలత్తది.

మాణిక్యాలత్త మా నాన్న చెల్లెలు. ఇల్లు మునుగుతుంటే పడవలోంచి చూసి కూడా ఏడవని మనిషి, ఇక్కడికొచ్చి పొయ్యి లేని ఇంట్లో పడుకోమంటే ఏడ్చింది. వంట కార్డు చేతికొచ్చిన రోజున దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కార్డు ఉంటేనే వంటశాల గడప దాటనిస్తారు. కార్డు పోతే పని పోతుంది, పని లేనివాళ్ళని ఒడ్డు మీద శిబిరానికి పంపేస్తారు. అక్కడ ఆవిడకి గరిటె ఎవరిస్తారు? అందుకే కొత్త సవరణ వచ్చినప్పుడల్లా ముందు భయపడేది ఆవిడే.

చెవిని కిందా మీదా చూసి, "ఏవే కోటీ, ఇదేదో తథాస్తు దేవతలాగుందే. ఏదంటే దానికి సరే అంటంది" అంది.

"నోరు జాగర్త అత్తా."

"నా నోటికేవయ్యిందే? వంటింట్లో నేనెప్పుడన్నా చెడ్డ మాటన్నానా?"

అనలేదు. ఆ మాట నిజమే.

సవరణ 215

"తాగునీటి, వంటనీటి తొట్టెలలో శుద్ధి బిళ్ళ వేయవలెను. తొట్టెపై ఊదా దీపం సదా వెలుగుచుండవలెను. బిళ్ళల నిల్వ లేని వంటశాలలకు మండలియే పడవపై సరఫరా చేయును."

మంచి సవరణే. మెచ్చుకోవాల్సినప్పుడు మెచ్చుకోవాలి. మాకున్నది వాన నీళ్ళ తొట్టె, దాంట్లో పక్షుల రెట్ట దగ్గర్నుంచి పాచి దాకా అన్నీ పడతాయి. బిళ్ళ వేస్తే నీళ్ళకి ఆసుపత్రి వాసన వస్తుంది గానీ కడుపులు నిలబడతాయి. ఆ ఊదా దీపం వెలుగు పడితే నీళ్ళలో పురుగూ పుట్రా బతకవట.

మధ్యాహ్నం అత్త బిళ్ళల డబ్బా బోర్లించి, అడుగున తట్టి చూసింది. "కోటీ, బిళ్ళలు నిండుకున్నాయే. పడవోడికి చెప్పు."

టింగ్. నమోదైంది.

"బిళ్ళలక్కూడా ఆ మర్యాదేంటత్తా? అయిపోయాయంటే సరిపోదూ?"

"నీళ్ళల్లో పడేది వంట సామాను కాదేంటే? పొయ్యి ముందు నిలబడి లేదు, అయిపోయింది అంటే పైనున్నోళ్ళు తథాస్తు అనరూ? మా అమ్మ కరువులో కూడా ఆ మాట అన్లేదు. గింజ లేని కుండ చూపించి, బియ్యం నిండుకున్నాయర్రా, అనేది. మేం అర్థం చేసుకుని మంచినీళ్ళు తాగి పడుకునేవాళ్ళం."

ఆవిడనేం అంటాను? నేనూ అదే ఇంట్లో పెరిగాను. ఉప్పు నిండుకుంది, నూనె నిండుకుంది, చింతపండు నిండుకుంది అంటూ పెరిగినదాన్నే. చెవి మోగింది కదా, మాట మండలికి చేరింది, ఇక పడవ వస్తుందనుకున్నాను. పడవవాడికి వేరే చెప్పలేదు. ఇంత సుఖంగా ఉంటే చెవిని తిట్టడం మానేద్దామని కూడా అనుకున్నాను.

సవరణ 219

"గరిటెల పిడులు ఇకపై నీలిరంగులో ఉండవలెను."

పడవ వచ్చింది. దాన్నిండా నీలి పిడుల గరిటెలున్నాయి. బిళ్ళలు లేవు. పడవ నడిపే గవర్రాజు మాకు పాతవాడే, మా మునిగిన ఊరివాడే. గరిటెలు దించి వెళ్ళిపోతుంటే ఆపాను.

"బిళ్ళలేవి గవర్రాజూ? అత్త చెప్పి ఎన్నాళ్ళయింది!"

"మీకివ్వక్కర్లేదని ఉందక్కా."

"ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారంట. ఇదిగో సూడండి" అని చేతిలో పలక తిప్పి చూపించాడు. "ఏడో వరస, శుద్ధి బిళ్ళలు, నిండు. మొన్న నిండు, నిన్న నిండు, ఇయ్యాల నిండు. ఏడో వరసోళ్ళు బలే పొదుపుగా వాడతన్నారని ఆఫీసులో పొగుడుతున్నారు కూడానూ."

అత్త రోజూ పొద్దున్నే డబ్బా తట్టి, నిండుకున్నాయనే అంటోంది. రోజూ టింగుమంటోంది.

తిన్నగా గోడ దగ్గరకి వెళ్ళి, "బిళ్ళలు లేవు. అయిపోయాయి. ఒక్కటి కూడా లేదు" అని అరిచాను. వెనకాల అత్త రెండు చేతులతో చెవులు మూసుకుంది.

చెవి కాసేపు ఆలోచించింది. "ఈ ప్రకటన పూర్వ ప్రకటనకు విరుద్ధముగా ఉన్నది. పూర్వ ప్రకటనయే చెల్లును. దిద్దుబాటుకు అధికారి తనిఖీ అవసరం. మీ కోరిక నమోదైంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాడట. ఆ చెవిటివాడు నయం, కనీసం అడిగాడు.

"అధికారి ఎప్పుడొస్తాడు?" అన్నాను.

"మీ ప్రశ్న నమోదైంది."

వంటశాల మూసేద్దామనుకున్నాను. తనిఖీ కోరి మూసేస్తే తప్పు దాచినట్టు లెక్క, లైసెన్సు పోతుంది, ఏడో వరుస గాలి తిని బతకాలి. సరే, పక్క వరుసలో అప్పడిగి తెద్దామని ఎనిమిదో వరుసకి వెళ్ళాను. అక్కడ వంట చేసే సుభద్రగారు గడప దాకా వచ్చి, పరువు తక్కువ మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "మావీ నిండుకున్నాయమ్మా, ఏమనుకోకు."

ఆవిడ వెనకాల గోడ మీద టింగుమంది. ఏం అనకూడదో ఆవిడకి చెప్పి, తిరిగొచ్చాను.

సవరణ 220

"ఇంధన పొదుపు దృష్ట్యా, పరిమితికి మించి పొయ్యి వెలిగించిన వంటశాలకు మరుసటి రోజు ఇంధనం కోత విధింపబడును."

గోరుచుట్టు మీద రోకటిపోటు. బిళ్ళలు లేవు కనుక నీళ్ళన్నీ కాచి పోద్దామని నిన్నంతా పొయ్యి ఆర్పలేదు. ఇవాళ గ్యాసు సగమే వచ్చింది. అన్నానికి సరిపెడితే నీళ్ళు పచ్చివి, నీళ్ళకి సరిపెడితే అన్నం పచ్చిది. పిల్లలకీ ముసలివాళ్ళకీ కాచిన నీళ్ళు, మిగతావాళ్ళకి గుడ్డలో వడగట్టినవి అని పంచాం. ఊదా దీపమన్నా ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాం.

సాయంత్రం తొట్టె దగ్గర్నుంచి అత్త కేక వినిపించింది. "అయ్యో, దీపం కొండెక్కిందే కోటీ!"

పరుగెత్తుకెళ్ళి ఆవిడ నోరు మూశాను గానీ అప్పటికే టింగుమంది. ఇప్పుడు నాకు తెలివొచ్చింది కనుక, ఏం నమోదైందో చదివి వినిపించమని చెవినడిగాను.

"ఊదా దీపం: ఎత్తు పెంచబడినది. భద్రతా నియమముల పట్ల మీ శ్రద్ధకు అభినందనలు."

అత్త తొట్టె అంచు పట్టుకుని కింద కూలబడింది. "దీపం ఆరిపోయిందని ఎలా అంటానే? ఆ మాట నా నోట ఎప్పుడన్నా వచ్చిందా? అదేదో నా చేత్తో నేనే ఆర్పినట్టుండదూ?"

"అలా అనాలిప్పుడు. ఇంకెప్పుడూ అలాగే అనాలి." కసిరాను. కసరడానికి ఆవిడే దొరికింది నాకు.

పాతకాలం తథాస్తు దేవతలకి కనీసం తెలుగు వచ్చు.

సవరణ 223

"ఆహారము వలన కలుగు అస్వస్థతను వంటశాల వారే ముందుగా తెలుపవలెను."

తెలిపాను. ఏడో వరుసలో ఇంటికొకరు వాంతులు, విరేచనాలు. ఎనిమిదో వరుసలోనూ అంతే. కాచిన నీళ్ళు తాగిన పిల్లలు చాలావరకు నిలబడ్డారు. వడగట్టినవి తాగినవాళ్ళు పడ్డారు. అత్తకీ కడుపు పట్టుకుంది, అయినా పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా గంజి కాచి ఇంటింటికీ పంపింది.

వలలు బాగుచేసే పల్లాలు మావ రోజూ అందరికంటే ముందొచ్చి బల్ల మీద కూర్చునేవాడు. సముద్రపు పాచితో చేసే పప్పు వడ్డించగానే, "మాణిక్యం, నీ పప్పు తింటుంటే సముద్రంలో చేపలు నన్ను సూసి జాలి పడతన్నాయే" అనేవాడు. తిడుతూనే రెండోసారి పెట్టించుకునేవాడు. ముసలివాడు కదా అని కాచిన నీళ్ళు ఆయనకే ముందు పోశాం. తన వాటా తాగకుండా పక్కింటి బాలింతకి ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

ఇవాళ పొద్దున ఆయన రాలేదు. అత్త పళ్ళెం పెట్టి చూస్తూ కూర్చుంది. ఎండెక్కాక కబురొచ్చింది, పోయాడని.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కత్తిపీట తీసుకుని గోడ మీద చెవిని ఒక్కటి వేశాను. దానికేం కాలేదు. "పెద్ద శబ్దం. నమోదైంది" అంది.

తనిఖీ

మనిషి పోతే గానీ మనిషి రాడు. ఇవాళ అధికారి వచ్చారు. శశాంక్ గారని, కుర్రవాడే, చొక్కా చేతులు మడుచుకుని తొట్టె లోపలికి తనే వంగి చూశారు. చెవిలో దాచిన మాటలన్నీ వేసి వినిపించారు. అత్త గొంతు, మళ్ళీ మళ్ళీ అదే మాట: నిండుకున్నాయే కోటీ, నిండుకున్నాయే కోటీ.

ఆయన ఆపేసి, అత్త వేసిన పీట మీద కూర్చున్నారు.

"మా అమ్మ కూడా అలాగే అంటుందండీ. బియ్యం నిండుకున్నాయి, కాఫీపొడి నిండుకుంది అని. నాకు మొదటిసారి వినగానే అర్థమైంది."

"అయితే అదే రాయండి" అన్నాను. "మాట అర్థమైంది, యంత్రానికి అర్థం కాలేదని రాయండి."

"రాయడానికి గడి లేదండి." పలక నా వైపు తిప్పారు. నిజంగానే రెండే గడులున్నాయి. యంత్ర లోపం. మానవ లోపం. "యంత్ర లోపం అని పెడితే అన్ని వరుసల్లో చెవులూ ఆపి పరీక్షించాలి. చెవి ఆగిన వంటశాల నడవకూడదు. పరీక్షకి నెలలు పడుతుంది. తేలువాడ మొత్తానికి అన్నం ఎవరు పెడతారు?"

"మానవ లోపం అంటే?"

"ఒక పేరు రాయాలి."

"నా పేరు రాయండి."

"లైసెన్సు మీది. మీ పేరు రాస్తే వంటశాలకి తాళం పడుతుంది. ఎనిమిదో వరుసలో పొద్దున సుభద్రగారి పేరు రాసొచ్చానండి." ఆయన మంచినీళ్ళు అడగబోయి మానుకున్నారు.

అప్పటిదాకా గరిటెలు తుడుస్తున్న అత్త, చేతిలోది కింద పెట్టకుండానే వచ్చింది. "నా పేరే రాయి బాబూ. ఆ మాటన్నది నేనేగా. మాణిక్యాలు అని రాయి, తప్పులు లేకుండా రాయి."

"అత్తా, నువ్వు ఊరుకో."

"నువ్వు ఊరుకోవే. ఏడో వరస తినాలా వద్దా? పల్లాలు బావ పళ్ళెం నేనే పెట్టాను, ఆయన తిన్లేదు. మిగతావాళ్ళన్నా తినాలి." కొంగున ఉన్న కార్డు విప్పి ఆయన చేతిలో పెట్టింది. దాని మీద పసుపు ఇంకా పోలేదు.

పలక మీద సాక్షి అని ఉన్నచోట వేలిముద్ర నేనే వేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. శశాంక్ గారి మీద ఇంకా ఎక్కువ వేసింది, ఎందుకంటే ఆయన మంచివాడు. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

శిబిరానికి పడవ సిద్ధంగా ఉంది. అత్త పొయ్యికి దణ్ణం పెట్టుకుని, పోపుల పెట్టె మూత సర్ది, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానే కోటీ."

వెళ్తున్నాను అని ఎవరంటారు? శ్మశానానికి తప్ప ఎక్కడికి పోయేవాళ్ళమైనా వెళ్ళొస్తాననే అంటాం.

టింగ్. "మాణిక్యాలు: తిరిగి రావలసి ఉన్నది. నమోదైంది."

శశాంక్ గారు గోడ వైపు చూశారు. పలక తీశారు, మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నారు. "దాన్ని నేను దిద్దనులెండి" అని దిగి వెళ్ళిపోయారు.

సవరణ 226

"ఇటీవలి ఒక దురదృష్టకర సంఘటన దృష్ట్యా, ప్రజల భాషను గౌరవిస్తూ, వంటశాలలలో ఈ క్రింది మాటలు నిషేధింపబడినవి: నిండుకొను, కొండెక్కు, మరియు ఇట్టి శుభసూచక ప్రయోగములు. ఏ వస్తువైనను లేనప్పుడు 'లేదు' అని మాత్రమే పలుకవలెను. సరుకుల పట్టీలోని పేరు వెంట 'లేదు' అను మాట వినబడిన వెంటనే యంత్రమే సరఫరా గురించి అడుగును."

పల్లాలు మావ ఒక దురదృష్టకర సంఘటన అన్నమాట. ఆయన వింటే, ఇంత పెద్ద పేరు నాకెప్పుడు పెట్టారే అనేవాడు.

కొత్త వంటమనిషి వచ్చింది, ఒడ్డు మీద పట్నంలో చదువుకున్న పిల్ల. వంటా బాగానే చేస్తుంది, పాపం దాన్నేం అనను. పొయ్యి ముందు నిలబడి, "ఉప్పు లేదు" అని గట్టిగా అంటుంది. "ఉప్పు లేదు. తెప్పించవలెనా?" అంటుంది చెవి. "తెప్పించు." "నమోదైంది." సాయంత్రానికి ఉప్పు వస్తుంది. బియ్యం లేవు, తెప్పించు. నూనె లేదు, తెప్పించు. రోజంతా నా వంటింట్లో లేదు లేదు అనే మాటే మోగుతోంది. మొదట్లో విన్నప్పుడల్లా చెవులు మూసుకోవాలనిపించేది. ఇప్పుడు నేనూ అనేస్తున్నాను.

బిళ్ళలు మాత్రం రెండు డబ్బాల పైదాకా ఉన్నాయి. ఇప్పుడు నిజంగానే నిండుగా ఉన్నాయి, కానీ ఆ మాట అనడానికి వీల్లేదు.

చెవి పొద్దున్నే సరుకుల పట్టీ చదువుతుంది. దానికి మనిషి పేరో వస్తువు పేరో తెలియదు కాబోలు, అత్తని తీసుకెళ్ళి సామాన్ల మధ్యలో పడేసింది. "చింతపండు: ఉన్నది. మాణిక్యాలు: రావలసి ఉన్నది. మిరపకాయలు: ఉన్నవి." కొత్త పిల్ల దిద్దిస్తానంది. వద్దన్నాను. ఆ ఒక్క ముక్క వినడానికే పొద్దున్నే లేచి వచ్చి నిలబడుతున్నాను.

సవరణ 230

ఇవాళ్టి సవరణ ఏమిటో చదవలేదు.

గవర్రాజు సామాను దించి, వెళ్ళకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. పోయినసారి అత్తకి పంపిన ఆవకాయ జాడీ వాడి చేతిలో ఉంది. మూతకి కట్టిన గుడ్డ ఎలా కట్టానో అలాగే ఉంది.

"ఏరా, ఇవ్వలేదా? శిబిరంలో ఒప్పుకోలేదా?"

వాడు తలెత్తలేదు. "ఒంట్లో ఇక్కణ్ణుంచి వెళ్ళిన కాణ్ణించీ బాగోలేదంటక్కా. ఆ కడుపునొప్పి తగ్గనే లేదంట. వంటింటి కాడికెళ్ళి కూరలన్నా తరుగుతానందంట, కార్డు లేదని లోనికి రానివ్వలేదంట. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డం నా వల్ల కాదని తినడం మానేసిందంట..."

"ఒరే, ఆగు. బయటికి పద. బయట చెప్పు." వాడు ఏం చెప్పబోతున్నాడో తెలిసిపోయింది. అది ఆ వంటింట్లో అనకూడదు. వాణ్ణి తోసుకుంటూ గడప దాటించబోయాను. కానీ వాడికి అప్పటికే ఏడుపు వచ్చేసింది, ఏడుపుతో పాటు మాటా వచ్చేసింది.

"మాణిక్యాలత్త లేదక్కా."

టింగ్.

గోడ వైపు చూశాను. కొత్త పిల్ల గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. గవర్రాజు జాడీ గుండెకి అదుముకుని వెక్కుతున్నాడు.

"మాణిక్యాలు లేదు" అంది చెవి. "తెప్పించవలెనా?"

జవాబు చెప్పకపోతే అది మళ్ళీ అడుగుతుంది, వినేదాకా అడుగుతుంది. అడిగింది.

"మాణిక్యాలు లేదు. తెప్పించవలెనా?"

"తెప్పించు" అన్నాను.

"నమోదైంది."